రెండో ఇంజన్ స్టెప్నీ కాదు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం, పైలట్ కావాలనుకునే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఒక ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన ఊళ్ళో ముందు వరసలో కూర్చోవాలంటే ఎందుకో అందరికీ మొహమాటం.

మాది మల్కాపురం. చిన్నప్పుడు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే నేవీ వాళ్ళ డోర్నియర్ మా నెత్తి మీదుగా వెళ్ళేది. బూడిద రంగు, అటొక ప్రొపెల్లర్, ఇటొక ప్రొపెల్లర్. ‘‘రెండు ఎందుకమ్మా?’’ అని అడిగితే మా అమ్మ ‘‘ఒకటి ఆగిపోతే రెండోది ఉంటాదని’’ అంది. తప్పు చెప్పలేదు. కానీ ఆ జవాబునే పట్టుకుని పెరిగాను కాబట్టి, ట్విన్ ఇంజన్ విమానం నేర్చుకునేటప్పుడు ముందు దాన్ని మరిచిపోవాల్సి వచ్చింది. కారు డిక్కీలో స్టెప్నీ ఉంటుంది చూడండి, పంక్చరైతే తీసి బిగించి వెళ్ళిపోతాం. రెండో ఇంజన్ అలాంటిదని నేను అనుకున్నాను. ఇక్కడున్న వాళ్ళలో సగం మంది కూడా ఇప్పుడు అలాగే అనుకుంటున్నారు. (నవ్వులు)

మా తాతగారి ఊరు చోడవరం దగ్గర. చెరకు బండ్లు చూసిన వాళ్ళు చేతులెత్తండి... పెద్దవాళ్ళే ఎత్తారు. సరే, పిల్లల కోసం చెప్తాను. కాడికి రెండు ఎద్దులు. కుడి పక్కది వలపటి ఎద్దు, ఎడమ పక్కది దాపటి ఎద్దు. నిండా చెరకు ఎత్తుకుని వెళ్తున్న బండికి దాపటి ఎద్దు కూలబడిందనుకోండి. బండి సగం స్పీడుతో ముందుకు పోతుందా? పోదు. వలపటిది లాగుతూనే ఉంటుంది, బండి ఎడమకి తిరిగి రోడ్డు దిగిపోతుంది. పైగా కూలబడ్డ ఎద్దు ఊరికే ఉండదు, దాని బరువు కూడా ఇప్పుడు రెండోదే లాగాలి. బండివాడు మొదట చేసేదేంటి? తిరిగిపోకుండా పగ్గం బిగబట్టి, కూలబడ్డదాని పలుపు విప్పుతాడు.

లైట్ ట్విన్‌లో, అంటే రెండు ఇంజన్ల చిన్న విమానంలో, అచ్చంగా ఇదే జరుగుతుంది. ఎడమ ఇంజన్ ఆగితే ముక్కు ఎడమకి కొడుతుంది. కుడి కాలితో రడ్డర్, అంటే తోక మీది చుక్కాని, పెడల్ తొక్కి ఆపాలి. అదీ పగ్గం. ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ ఎదురుగాలికి గిర్రున తిరుగుతూ బ్రేకులా పనిచేస్తుంది. దాని రెక్కల్ని కత్తి అంచు గాలికి ఎదురుపెట్టినట్టు తిప్పేయాలి. దాన్ని ఫెదర్ చేయడం అంటారు. అదీ పలుపు విప్పడం.

ఇంకో సంగతి. ఏ ఎద్దు కూలబడినా ఒకటేనా? కాదు. రెండు ప్రొపెల్లర్లూ కాక్‌పిట్ నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే విమానంలో ఎడమ ఇంజన్ పోతేనే ఎక్కువ కష్టం. ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు కిందికి దిగే ప్రొపెల్లర్ రెక్క ఎక్కువ లాగుతుంది, ఆ దిగే రెక్క కుడి వైపున ఉంటుంది. అంటే ఎడమ ఇంజన్ లాగుడు విమానం ఒంటికి దగ్గరగా పడుతుంది, కుడి ఇంజన్ లాగుడు ఒంటికి దూరంగా పడుతుంది. దూరంగా పట్టుకుని లాగేవాడే ఎక్కువ తిప్పగలడు కదా. అందుకే ఎడమదాన్ని క్రిటికల్ ఇంజన్ అంటారు. పైపర్ సెమినోల్, సెనెకా లాంటి వాటిలో ఈ గొడవ లేకుండా కుడి ప్రొపెల్లర్‌ని ఎదురు దిశలో తిప్పారు. ఆర్కే బీచ్‌లో టీయూ-142 విమానం మ్యూజియం చూసే ఉంటారు, 2017 నుంచి అక్కడే ఉంది. దానిది ఇంకో పద్ధతి. ఈసారి వెళ్తే ఒక్కో ఇంజన్‌కి ముందొకటి, వెనకొకటి రెండేసి ప్రొపెల్లర్లు ఉండటం గమనించండి. అవి ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. టికెట్ కొన్న వాళ్ళంతా సెల్ఫీ తీసుకుంటారు గానీ అది చూడరు.

ఇప్పుడు కాస్త లెక్క. బోర్డు మీద రాస్తాను, ఫోన్లు పక్కన పెట్టండి.

సెమినోల్ అంటే 180 హార్స్‌పవర్ ఇంజన్లు రెండు, నలుగురు కూర్చునే విమానం. రెండు ఇంజన్లూ బాగుంటే నిమిషానికి 1,200 అడుగులకు పైగానే ఎక్కుతుంది. ఒకటి పోతే? 600 అంటున్నారు ఎవరో. కాదు. పూర్తి బరువుతో, 15 డిగ్రీల చల్లటి రోజున, సముద్రమట్టం దగ్గర, నిమిషానికి 200 చిల్లర. పోయింది సగం పవరే, కానీ ఎక్కే శక్తిలో 80 శాతానికి పైగా పోయింది. ఎందుకంటే గాల్లో నిలబడటానికే చాలా పవర్ కావాలి. ఆ ఖర్చు పోగా మిగిలిన దాంతోనే ఎక్కేది. జీతం సగమైతే పొదుపు సగం అవదు కదా, ఇంటి అద్దె అంతే ఉంటుంది. (నవ్వులు)

ఆ లెక్క 15 డిగ్రీలకి. మన ఊళ్ళో మే నెలలో 35 డిగ్రీలు మామూలు. 20 డిగ్రీలు ఎక్కువ. వేడికి గాలి పలచబడుతుంది, ఎత్తుకి వెళ్ళినట్టే. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున లెక్కేస్తే 2,400 అడుగులు. అంటే మన రన్‌వే సముద్రానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉంటుంది గానీ, విమానానికి మాత్రం 2,400 అడుగుల కొండ మీద ఉన్నట్టు. ఆ వేడిలో ఒక్క ఇంజన్ మీద సెమినోల్‌కి మిగిలేది నిమిషానికి 110 అడుగుల దగ్గర. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ కూడా అంతకంటే వేగంగా ఎక్కుతుంది.

వెయ్యి అడుగులు ఎక్కడానికి 9 నిమిషాలు. ఆ 9 నిమిషాలూ 88 నాట్లతో, అంటే గంటకి సుమారు 163 కిలోమీటర్ల వేగంతో పోవాలి. అది సుమారు 24 కిలోమీటర్ల దూరం. మన రన్‌వే నుంచి పడమరకి టేకాఫ్ అయ్యారనుకోండి, తిన్నగా పోతే వెయ్యి అడుగులు ఎక్కేసరికి అనకాపల్లి వచ్చేస్తుంది. చుట్టూ కొండలున్న ఊరు మనది. ఎటో ఒకవైపు తిరగాలి, తిరిగితే ఆ 110లో ఇంకాస్త పోతుంది. ఇదంతా ఎప్పుడు? ప్రొపెల్లర్ ఫెదరై, చక్రాలు పైకెళ్ళి, బాగున్న ఇంజన్ వైపు రెండు మూడు డిగ్రీలు ఒరిగి, స్పీడు సరిగ్గా ఉంటే. ఒక్కటి కుదరకపోయినా ఎక్కడం మాట దేవుడెరుగు, కిందికే దిగుతుంది.

‘‘ప్రభుత్వాలు ఇలాంటి విమానాల్ని ఎలా ఒప్పుకుంటాయి మేడం?’’ అని మా స్టూడెంట్లు అడుగుతారు. అమెరికా పాత రూల్ ప్రకారం 6,000 పౌండ్ల లోపు బరువుండి, ల్యాండింగ్ భంగిమలో 61 నాట్ల లోపు స్టాల్ అయ్యే, అంటే రెక్కలు ఇక మోయలేక జారిపోయే ట్విన్, ఒక్క ఇంజన్ మీద ఎక్కి తీరాలని లేనే లేదు. ఎంత ఎక్కుతుందో, లేక ఎంత దిగుతుందో పుస్తకంలో రాస్తే చాలు. మనం నేర్చుకునే చాలా ట్విన్‌లు ఆ రూల్ కింద పుట్టినవే. మీరెక్కే ఎయిర్‌బస్, ఏటీఆర్‌లది వేరే లోకం. ఒక ఇంజన్ పోయినా ఎక్కి తీరాలని వాటికి గట్టి రూల్ ఉంది. ఈ రెంటికీ ముడిపెట్టి ఇంట్లో వాళ్ళని భయపెట్టకండి.

అందుకే విమానం ఎంచుకునేటప్పుడు నేను మొదట క్రూయిజ్ స్పీడు చూడను. ఒక్క ఇంజన్ మీద, మా ఊరి ఎండలో, నేనెక్కించే బరువుతో ఏం చేస్తుందన్నదే చూస్తాను. బ్రోచర్‌లో సీటు కుట్లు కూడా ఫొటో తీస్తారు గానీ ఆ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రెండోది ఇంధనం. ఇది మన దేశంలో పెద్ద తలనొప్పి. సెమినోల్, సెనెకాలకి ఆవ్‌గ్యాస్ కావాలి. నీలం రంగు పెట్రోల్ అది. చాలా ఎయిర్‌పోర్టుల్లో దొరకదు, దొరికినచోట రేటు మండిపోతుంది. డైమండ్ డీఏ42 డీజిల్ ఇంజన్లతో నడుస్తుంది. మెర్సిడెస్ కారు డీజిల్ ఇంజన్‌ని విమానానికి తగ్గట్టు మార్చినవి అవి. జెట్‌లకి పోసే ఏటీఎఫ్ పోస్తే చాలు, ఖర్చూ తక్కువ. మన దేశపు ఫ్లయింగ్ స్కూళ్ళలో అది అంతగా కనిపించడానికి ఇదొక కారణం. టెక్నామ్ పీ2006టీ ఇంకా చిన్నది, 100 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజన్లు రెండు. తాగేది తక్కువ, కానీ నలుగురు బరువైన మనుషులు ఎక్కితే దాని కష్టం దానిది.

నేర్చుకోవడానికి ఏది మంచిదని అడిగితే నా మాట కొంతమందికి నచ్చదు. సెమినోల్‌లో ఆరు లివర్లు ఉంటాయి. పవర్ పెంచి తగ్గించే థ్రాటిల్ రెండు, ప్రొపెల్లర్ రెక్కల్ని తిప్పేవి రెండు, గాలీ ఇంధనం పాళ్ళు చూసే మిక్స్చర్ రెండు. డీఏ42లో ఇంజన్‌కి ఒకటి చొప్పున రెండే, మిగతాదంతా కంప్యూటర్ చూసుకుంటుంది. ఆగిన ఇంజన్‌ని ఫెదర్ చేయాలంటే ఇంజన్ మాస్టర్ స్విచ్ ఆపితే చాలు. సులువు. కానీ లోపల ఏం జరుగుతోందో చేతికి తెలియదు. నేనైతే ఆరు లివర్ల మీద నేర్చుకోమంటాను. గంట ఖర్చు, ఇంధనం చూసి చాలామంది డైమండ్‌కే పోతారు. వాళ్ళనీ తప్పుపట్టను, లోన్ కట్టేది వాళ్ళ నాన్న.

డీఏ42 గురించే ఒక సంఘటన చెప్పాలి. 2007లో జర్మనీలోని స్పేయర్‌లో జరిగింది. అప్పటి మోడల్‌కి వేరే కంపెనీ డీజిల్ ఇంజన్లు ఉండేవి. బ్యాటరీ డౌన్ అయితే బయటి పవర్‌తో స్టార్ట్ చేసి టేకాఫ్ అయ్యారు. చక్రాలు పైకి లాగగానే ఆ మోటారు కరెంటంతా గుంజుకుంది. బ్యాటరీలో ఏమీ లేదు కాబట్టి వోల్టేజీ పడిపోయింది, ఇంజన్లని నడిపే కంప్యూటర్లు రెండూ ఒకేసారి రీసెట్ అయ్యాయి. రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్ అయిపోయాయి. అదృష్టం, ప్రాణాలు పోలేదు. ఆ తర్వాత కరెంటు ఏర్పాటు మార్చారు. విమానం కొనే వాళ్ళయినా, నేర్చుకునే వాళ్ళయినా అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ రెండు ఇంజన్లూ నిజంగా వేరువేరా, లేక ఎక్కడో ఒకే తాడుకి వేలాడుతున్నాయా? ఆ తాడు బ్యాటరీ కావచ్చు, నీళ్ళు కలిసిన ఇంధనం కావచ్చు. చాలాసార్లు పైలటే.

మరి ఒక ఇంజన్ ముందూ, ఒకటి వెనకా పెడితే పక్కకి లాగే గొడవే ఉండదు కదా అని సెస్నా వాళ్ళు స్కైమాస్టర్ చేశారు. తెలివైన ఆలోచనే. కానీ వెనక ఇంజన్ ఆగినా ముక్కు ఎటూ తిరగదు కాబట్టి కొంతమంది పైలట్లు ఆగిందని తెలియకుండానే టేకాఫ్ మొదలుపెట్టేశారు. పక్కకి లాగడం కూడా ఒక వార్తే అన్నమాట.

ఇక నేర్చుకోవడం. మన దగ్గర కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి. అందులో మామూలుగా ఒక 15 గంటలు ట్విన్ మీద ఉంటాయి. గంట ఖర్చు సింగిల్ ఇంజన్‌కి రెండింతలకి పైనే. 15 గంటలంటే ఏమీ కాదు. కాబట్టి కుర్చీలో కూర్చుని గాల్లో చేతులు కదుపుతూ ప్రాక్టీస్ చేసిందే మీకు మిగులుతుంది. హాస్టల్ రూమ్‌లో గోడకి కాక్‌పిట్ పోస్టర్ అంటించి రాత్రిళ్ళు అదే చేశాను. రూమ్మేట్ మా అమ్మకి ఫోన్ చేసి ‘‘ఆంటీ, దీనికి గాలి సోకినట్టుంది’’ అంది. (నవ్వులు)

స్పీడోమీటర్ మీద రెండు గీతలుంటాయి. ఎర్ర గీత వీఎంసీ. ఒక ఇంజన్ ఆగి, రెండోది పూర్తి పవర్‌లో ఉన్నప్పుడు ఈ స్పీడు కంటే తగ్గితే రడ్డర్ సరిపోదు, విమానం తిరగబడుతుంది. సెమినోల్‌కి 56 నాట్లు. నీలం గీత 88. ఒక్క ఇంజన్ మీద ఉన్నంతలో బాగా ఎక్కే స్పీడు అది. ట్విన్ చదువంతా నీలం గీత మీద నిలబడటమే. ఎర్ర గీత దగ్గరికి ఎలా పోతామో కూడా చూపిస్తారు, కానీ బాగా ఎత్తుకెళ్ళి. 1960లలో అమెరికాలో ట్విన్ కోమాంచీలు ఈ డెమో తక్కువ ఎత్తులో చేస్తూనే చాలా కూలిపోయాయి. ఇంజన్ ఫెయిల్ అయ్యి కాదు, ఫెయిల్ అయితే ఏం చేయాలో నేర్పుతూ.

నా మొదటి ఇంజన్ కట్, అంటే నేర్పడానికి ఒక ఇంజన్ పవర్ తీసేయడం, చెప్తాను. ఉత్తరాదిలో ఒక స్కూల్, గాల్లో నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉన్నాం. మా ఇన్‌స్ట్రక్టర్ గారు మ్యాప్ మడత విప్పి లివర్ల మీద కప్పారు. రూట్ చూపిస్తారేమో అనుకున్నాను. మ్యాప్ కింద చెయ్యి కదిలింది, ముక్కు ఎడమకి కొట్టింది. కుడి కాలు దానంతటదే తొక్కింది. అంతవరకు బాగుంది. పాఠం నోటికొచ్చు: ఖాళీగా ఉన్న కాలే చచ్చిన ఇంజన్. ఎడమ కాలు ఖాళీ, ఎడమ ఇంజన్ పోయింది. ‘‘లెఫ్ట్ ఇంజన్ ఫెయిల్డ్’’ అని పైకి కూడా అన్నాను. అని, కుడి థ్రాటిల్ వెనక్కి లాగాను.

ఎందుకు లాగానో ఈ రోజుకీ తెలియదు. నోరు ఎడమ అంటోంది, చెయ్యి కుడిదాని మీదికెళ్ళింది. కుడి కాలు బలంగా తొక్కుతూనే ఉంది కదా, ముక్కు ఒక్కసారి కుడికి కొట్టింది. కడుపులోంచి విమానం జారినట్టయింది. అప్పుడు తెలిసింది, థ్రాటిల్‌తో ఎందుకు సరిచూసుకోమంటారో. అనుమానం ఉన్న థ్రాటిల్ మెల్లగా వెనక్కి తీస్తే, ఏ మార్పూ రాకపోతేనే అది నిజంగా చచ్చినట్టు. మార్పొస్తే, చెయ్యి తప్పు ఎద్దు మీద ఉంది. థ్రాటిల్ అయితే మళ్ళీ ముందుకు తోయొచ్చు. అదే ప్రొపెల్లర్ లివర్ లాగి ఉంటే బాగున్నదాన్నే ఫెదర్ చేసేదాన్ని. మా సార్ తిట్టలేదు. ‘‘నోరు చెప్పింది చెయ్యి వినే దాకా ఆగు’’ అన్నారంతే. దిగాక కుడి తొడ పావుగంట వణుకుతూనే ఉంది.

ఇది కుర్రాళ్ళ తప్పు మాత్రమే అనుకోకండి. 2015 ఫిబ్రవరిలో తైపీలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్. టేకాఫ్ తర్వాత కుడి ఇంజన్ ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయ్యింది. కెప్టెన్ ఎడమ థ్రాటిల్ వెనక్కి లాగి, బాగున్న ఎడమ ఇంజన్‌ని ఆపేశారు. ఫ్లైఓవర్ మీద వెళ్తున్న ట్యాక్సీని రెక్కతో కొట్టి విమానం నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు. ఆ వీడియో మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది.

అలాగని నిదానంగా కూర్చుంటే కూడా కుదరదు. చాలా లైట్ ట్విన్‌లలో ఇంజన్ చుట్లు ఒక అంకె కంటే, సెమినోల్‌లో అయితే నిమిషానికి 950 కంటే, కింద పడిపోతే చిన్న పిన్నులు అడ్డం పడి ప్రొపెల్లర్‌ని ఫెదర్ కానివ్వవు. నేల మీద ఇంజన్ ఆపినప్పుడల్లా ఫెదర్ కాకుండా పెట్టిన ఏర్పాటది. గాల్లో ఇంజన్ పట్టేస్తుంటే మాత్రం అదే మీకు గడువు. తొందరపడకూడదు, ఆలస్యం చేయకూడదు. పెళ్ళి వంటల మేస్త్రీలకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు.

టేకాఫ్‌కి ముందు ప్రతిసారీ మా స్టూడెంట్ల చేత పైకి చెప్పిస్తాను. నేల మీద ఉండగా ఏ తేడా వచ్చినా రెండు థ్రాటిళ్ళూ వెనక్కి. లేచాక కూడా, ముందు రన్‌వే మిగిలుండి చక్రాలు కిందే ఉంటే, రెండూ వెనక్కి తీసి దిగిపో. రన్‌వే అయిపోయి, చక్రాలు పైకెళ్ళి, నీలం గీత మీద ఉంటేనే ముందుకు. మన ఊరి రన్‌వే 3,050 మీటర్లు. సెమినోల్ లేచేసరికి చాలా భాగం ముందు మిగిలే ఉంటుంది. అయినా కుర్రాళ్ళు లేవగానే చక్రాలు పైకి లాగే గేర్ లివర్ మీదికి చెయ్యి పోనిస్తారు, సినిమాల్లో చూసి. ఉన్న రన్‌వేని ఎందుకు వదులుకుంటావురా అంటాను. ఇందాకటి లెక్కలో 110 అడుగులు గుర్తుంది కదా. బాగున్న ఇంజన్‌ని కూడా మనమే ఆపి ఎదురుగా ఉన్న పొలంలో దిగడం మంచిదయ్యే రోజులు కూడా ఉంటాయి. ట్విన్ నేర్చుకోవడంలో నాకు అన్నిటికంటే కష్టమైంది ఆ చెయ్యి వెనక్కి తీయడమే. బాగానే అరుస్తున్న ఇంజన్‌ని మన చేత్తో ఆపాలంటే మనసొప్పదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: ‘‘ఇంత చెప్పాక మా అమ్మాయిని పంపమంటావా, వద్దంటావా అమ్మా?’’)

పంపండి అత్తా. కాకపోతే డబ్బు కట్టే ముందు స్కూల్‌కి వెళ్ళి, ట్విన్ విమానం ఎన్ని రోజుల్నుంచి ఎగురుతోందో, ఎన్ని రోజుల్నుంచి హ్యాంగర్‌లో పడుందో అడగండి. ఆఫీసులో కాదు, క్యాంటీన్‌లో కూర్చున్న స్టూడెంట్లని అడగండి. అమ్మాయి ఏదీ? నువ్వేనా? ఇలా రా. ఈ కుర్చీలో కూర్చో. ఈ రెండు పెన్నులు థ్రాటిళ్ళు, ఈ రెండు పెన్సిళ్ళు ప్రొపెల్లర్లు. పెన్నుల పక్కన పెన్సిళ్ళు, సరేనా? విమానం ఎక్కుతోంది. ముక్కు కుడికి కొట్టింది. ఏ కాలు?

(‘‘ఎడమ కాలు.’’)

తొక్కు. గట్టిగా. ఏది ఖాళీగా ఉంది?

(‘‘కుడిది.’’)

అయితే ఏ ఇంజన్ పోయింది?

(‘‘కుడి ఇంజన్.’’)

శభాష్. ఇప్పుడు ఏం లాగుతావ్? ... అది పెన్సిల్ తల్లీ. (నవ్వులు) నవ్వకండి, నేను చేసింది ఇంకా ఘోరం. కాలు తియ్యకు. మళ్ళీ, మొదట్నించీ.